వీఆర్ నవలలో మనిషి ఎదగాలంటే

వర్చువల్ రియాలిటీ (వీఆర్, అంటే కళ్ళకి హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్ కట్టిన లోకంలోకి వెళ్ళడం) మీద నవల రాద్దామనుకునేవాళ్ళు ఈమధ్య మా విశాఖలోనే చాలామంది తగులుతున్నారు. రాతప్రతి చదవమని ఇస్తారు, నేను ఇష్టంగా చదువుతాను. కానీ దాదాపు అన్నిట్లోనూ కథ ఒకే దారిలో నడుస్తుంది. తనంటే తనకే ఇష్టం లేని ఒక కుర్రాడు హెడ్‌సెట్ పెట్టుకుంటాడు, లోపల ఆరడుగుల వీరుడైపోతాడు, నాలుగు యుద్ధాలు గెలుస్తాడు, చివరికి హెడ్‌సెట్ తీసి అద్దంలో చూసుకుని నవ్వుకుంటాడు. మారిపోయాడట. ఎక్కడ మారాడో, ఏ రోజు మారాడో పుస్తకమంతా వెతికినా దొరకదు.

నా మొదటి రాతప్రతీ ఇలాంటిదే. 180 పేజీలు రాసి ఓ మిత్రుడికి ఇచ్చాను. వారం తర్వాత ఆర్కే బీచ్‌లో గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "లోపల రాక్షసుణ్ణి చంపాడు, బాగుంది. మరి బయట వాళ్ళ నాన్నతో ఏం మాట్లాడాడు?" నా దగ్గర సమాధానం లేదు. ఆ నవల మొత్తంలో వాళ్ళ నాన్న ఒక్కసారే కనిపిస్తాడు, అదీ తలుపు కొట్టి అన్నానికి పిలవడానికి. ఇంటికెళ్ళి మళ్ళీ చదువుకుంటే అర్థమైంది, నేను ఆ కుర్రాడికి బలం ఇచ్చాను తప్ప అతని బెంగ ఏంటో ఎక్కడా అడగలేదు.

ఆ కథ పక్కన పెట్టేసి కొత్త పాత్రతో మళ్ళీ మొదలుపెట్టాను. ఈ రెండో ప్రయత్నంలో తెలిసినవి కింద రాస్తున్నాను. మీరూ ఇలాంటి నవల రాస్తుంటే పనికొస్తాయని నమ్ముతున్నాను.

ముందు ఒక్క వాక్యం

కథ, లోకం, టెక్నాలజీ ఏవీ ముట్టుకోకముందు, మీ పాత్ర తన గురించి తను ఏమనుకుంటోందో ఒక్క వాక్యంలో, ఆ పాత్ర మాటల్లోనే రాయండి. "ఆత్మన్యూనతతో బాధపడుతోంది" అని రాస్తే అది డాక్టరు చీటీ అవుతుంది, దాంట్లోంచి ఒక్క సీను కూడా పుట్టదు.

నా పాత్ర పేరు పైడితల్లి. శ్రీకాకుళం వైపు ఓ పల్లెటూరు అమ్మాయి, 24 ఏళ్ళు, ఎంవీపీ కాలనీలో హాస్టల్లో ఉంటూ రుషికొండ మీద ఓ ఐటీ ఆఫీసులో టెస్టింగ్ చేస్తుంది. ఆమె వాక్యం ఇది: "నేను నోరు తెరిస్తే నేనెక్కడిదాన్నో వీళ్ళకి తెలిసిపోతుంది." అందుకే ఆఫీసులో తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడినా సగం ఇంగ్లీషులో మాట్లాడుతుంది, అమ్మ ఫోన్ చేస్తే మెట్ల దగ్గరికి పరిగెడుతుంది. విశాఖలో ఉన్నవాళ్ళకి ఈ అమ్మాయి తెలుసు. పొరుగు జిల్లాల నుంచి వచ్చి, ఇక్కడ నిలదొక్కుకుని, "ఏటి"ని "ఏంటి"గా మార్చుకోవడానికి సంవత్సరాలు కష్టపడ్డవాళ్ళు మన చుట్టూ వేలల్లో ఉన్నారు. మన సినిమాలు ఈ యాసని ఎక్కువగా నవ్వించడానికే వాడాయి, ఆ నవ్వు ఇంకా వీళ్ళ చెవుల్లో ఉంది.

ఒక వాక్యం దొరికాక, అది ఎక్కడ పుట్టిందో ఒక సంఘటన కావాలి. ఒకే ఒక్కటి, చిన్నది. పైడితల్లికి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో, లేచి పేరు చెప్పమంటే చెప్పింది, క్లాసు నవ్వింది. లెక్చరర్ కూడా నవ్వాడు. ఇంతకంటే పెద్ద విషాదం పెట్టకండి. పెద్ద విషాదం పెడితే పాఠకుడు దాని మీద జాలిపడి అక్కడే ఆగిపోతాడు, చిన్నది పెడితే తన క్లాసు గుర్తొస్తుంది.

ఇక్కడ మనస్తత్వశాస్త్రం నుంచి ఒక సంగతి నాకు చాలా పనికొచ్చింది. టోరీ హిగిన్స్ అనే సైకాలజిస్టు 1987లో రాసిన సిద్ధాంతం ప్రకారం ప్రతి మనిషి మనసులోనూ తన బొమ్మలు మూడుంటాయి. ఇప్పుడున్న నేను, అవ్వాలని ఆశపడే నేను, నలుగురి కోసం అయి తీరాల్సిన నేను. ఇప్పుడున్న బొమ్మకీ ఆశ బొమ్మకీ దూరం పెరిగితే దిగులు, నిరాశ వస్తాయి. అయి తీరాల్సిన బొమ్మకి దూరమైతే భయం, టెన్షన్, తప్పు చేశానన్న భావం వస్తాయి. నవల రాసేవాడికి ఈ తేడా బంగారం. మీ పాత్ర అర్ధరాత్రి మేలుకుని ఉంటే అది దిగులా, భయమా? పైడితల్లిది భయం. అంటే ఆమె కొత్తగా ఎవరో కావాలని కలలు కనట్లేదు, దొరికిపోకూడదని చూస్తోంది. ఇది తేలగానే లోపలి లోకంలో ఆమె ఏం చేస్తుందో నాకు తెలిసిపోయింది. యుద్ధాలకి వెళ్ళదు. మాట్లాడుతుంది. రాత్రంతా మాట్లాడుతూనే ఉంటుంది.

అవతార్ తయారయ్యే సీను

కంప్యూటర్ తెర మీద మన తరఫున తిరిగే బొమ్మని అవతార్ అనడం 1980ల్లో అమెరికా గేముల్లో మొదలైంది, కానీ మాట మనది. అవతారం అంటే దిగిరావడం. పైనున్నవాడు ఒక పని కోసం ఒక శరీరంలోకి దిగుతాడు, పనయ్యాక వెళ్ళిపోతాడు. మీ పాత్ర కూడా ఆ శరీరంలోకి ఏ పని మీద దిగుతోందో మీకు తెలియాలి.

అవతార్‌ని ఎంచుకునే సీనులో చాలామంది ఏమేం తగిలించారో వర్ణిస్తారు. రెక్కలు, కండలు, నీలి కళ్ళు. ఏం తీసేసిందో రాయండి. మొదట దేని మీద చెయ్యి వేసిందో రాయండి. పైడితల్లి ముఖం దాదాపు తనలాగే పెట్టుకుంటుంది, ఎత్తు మార్చదు, రంగు మార్చదు. పేరు దగ్గర "పల్లవి" అని కొడుతుంది. తర్వాత వాయిస్ ఫిల్టర్ తెరిచి నలభై నిమిషాలు అక్కడే ఉంటుంది. గొంతు మారుతోంది కానీ యాస పోవట్లేదు, ఎందుకంటే గొంతు మార్చడం తేలిక, మాట సాగే తీరు మార్చడం వేరే పని. చివరికి మాట మొత్తాన్ని విని మరో గొంతులో మళ్ళీ పలికే ఫిల్టర్ కొంటుంది, మొదటి జీతంలో దాచుకున్న డబ్బుతో. ఆ కొనడం రాస్తే చాలు, ఆమె బాధ గురించి వేరే పేరా అక్కర్లేదు.

నిజరూపం ఎప్పుడు చూపించాలన్నది నాకు సింహాచలం నేర్పింది. అప్పన్న స్వామి ఏడాది పొడవునా చందనంలో ఉంటాడు. అసలు రూపం వైశాఖ శుద్ధ తదియ నాడు, చందనోత్సవం ఒక్కరోజే. ఆ ఒక్కరోజు కోసం జనం రాత్రంతా క్యూలో నిలబడతారు. నిజరూపం రోజూ కనిపిస్తే ఆ నిలబడటం ఉండదు. నవలలోనూ అవతార్‌ని పదే పదే పక్కకి తీసి లోపలి మనిషిని చూపించకండి, ఒక్కసారి చూపించండి, అదీ సగం దాటాక. ఇంకో సంగతి, దర్శనం అయ్యాక స్వామికి మళ్ళీ చందనం పూస్తారు. దీన్ని నేను చాలా రోజులు పట్టించుకోలేదు. మీ పాత్ర ఎదిగిందంటే అవతార్‌ని తగలబెట్టాలని లేదు. మళ్ళీ వేసుకోవచ్చు. ఈసారి దాక్కోవడానికి కాకుండా వేసుకుంటుంది, అది పాఠకుడికి తెలిస్తే చాలు.

ఒంటి నుంచి రాయండి

వీఆర్ నవలల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం, పాత్ర హెడ్‌సెట్ పెట్టుకోగానే శరీరం మాయమైపోవడం. నిజానికి మాయమవ్వదు. హెడ్‌సెట్ అరకిలో బరువుంటుంది, బుగ్గల మీద నొక్కుకుంటుంది, గంట తర్వాత తీస్తే కళ్ళ చుట్టూ అచ్చు పడుతుంది. మే నెలలో మన విశాఖ ఉక్కపోతకి నుదుటి దగ్గర స్పాంజి తడిసిపోతుంది, లెన్సుల మీద ఆవిరి పడుతుంది. పాత్ర వేరేవాళ్ళ హెడ్‌సెట్ అరువు తెచ్చుకుంటే లెన్సుల మధ్య దూరం వాళ్ళ కళ్ళకి సరిపడా ఉంటుంది, పెద్దవాళ్ళకి సగటున 63 మిల్లీమీటర్లు ఉండే ఆ దూరం కాస్త తేడా వచ్చినా లోకమంతా మసగ్గా కనిపిస్తుంది. పైడితల్లి మొదటిసారి అలాగే చూస్తుంది, ఇంకొకళ్ళ కళ్ళకి సరిచేసిన లోకాన్ని. తర్వాత సరిచేసుకుంటుంది. మామూలు హెడ్‌సెట్లకి మన తల, రెండు చేతులు ఎక్కడున్నాయో మాత్రమే తెలుస్తుంది, కాళ్ళ సంగతి అవి ఊహించుకుంటాయి. తల తిప్పాక బొమ్మ కదలడం ఆలస్యమైతే కడుపులో తిప్పుతుంది. కుర్చీలో కూర్చునే ఉండి లోపల పరిగెడితే కన్ను కదులుతున్నామంటుంది, లోపలి చెవి లేదంటుంది, ఆ పేచీ వాంతి దాకా వెళ్తుంది. ఇవన్నీ తెలిసి ఉంటే మీ పాత్ర లోపల ఎంత గొప్పగా తిరుగుతున్నా ఒక కాలు గదిలోనే ఉందని పాఠకుడు మర్చిపోడు. మీరు ఎప్పుడూ హెడ్‌సెట్ పెట్టుకోకపోతే ఎవర్నైనా అడిగి ఓ అరగంట పెట్టుకోండి. తీసేసిన మొదటి నిమిషంలో మీ సొంత చేతుల్ని చూసుకోండి. ఆ నిమిషం వెంటనే కాగితం మీద పెట్టండి, మర్నాటికి పోతుంది.

వేరే శరీరాన్ని మనసు ఎందుకు అంత తేలిగ్గా ఒప్పుకుంటుందో కూడా కొంత తెలిసుండాలి. 1998లో బాట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. మనిషి అసలు చేతిని అడ్డం వెనక దాచి, కళ్ళముందు రబ్బరు చెయ్యి పెట్టి, రెండిటినీ ఒకేసారి కుంచెతో నిమిరితే కాసేపటికి ఆ రబ్బరు చెయ్యి తనదే అనిపిస్తుంది. ముఖ్యమైంది "ఒకేసారి" అన్న మాట. కుంచెలు తేడాగా కదిలితే ఆ భావన బాగా తగ్గిపోతుంది. అందుకని మీ పాత్ర అవతార్‌లోకి వెళ్ళే సీనులో ముందు చేతులు రాయండి. ఆమె చెయ్యి ఎత్తింది, అవతార్ చెయ్యీ లేచింది. వేలు మడిచింది, అదీ మడుచుకుంది. ఆ తర్వాతే అద్దం తీసుకురండి. నేరుగా అద్దంతో మొదలుపెడితే పాఠకుడికి అది బొమ్మలాగే ఉండిపోతుంది.

2007లో స్టాన్‌ఫర్డ్‌లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ చూపించింది ఇంకో మెట్టు. పొడవైన అవతార్ ఇస్తే డబ్బు పంచుకునే బేరంలో మనుషులు గట్టిగా నిలబడ్డారు, పొట్టి అవతార్ ఇస్తే అన్యాయమైన బేరానికి కూడా ఒప్పుకున్నారు. దీన్ని ప్రోటియస్ ఎఫెక్ట్ అంటారు. 2013లో బార్సిలోనాలో మెల్ స్లేటర్ బృందం పెద్దవాళ్ళని వీఆర్‌లో నాలుగేళ్ళ పిల్లల శరీరంలో పెట్టింది. వస్తువులు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపించాయి. అంతే ఎత్తుకి కుదించిన పెద్దవాళ్ళ శరీరంలో పెట్టినప్పుడు కూడా పెద్దవిగానే కనిపించాయి గానీ అంతగా కాదు. అంటే ఎత్తు ఒక్కటే కాదు, ఆ శరీరం ఎవరిది అన్నది కూడా చూపుని మార్చింది. 2018లో అదే బృందం నుంచి వచ్చిన మరో ప్రయోగంలో ఐన్‌స్టీన్ శరీరంలో కూర్చోబెడితే, తమ మీద తమకి గౌరవం తక్కువున్నవాళ్ళు ఆలోచన పరీక్షలో ఎక్కువ మెరుగయ్యారు.

ఇవి చదివి "చూశారా, హెడ్‌సెట్ పెడితే మనిషి మారతాడు" అని నవల రాసేస్తే మళ్ళీ నా పాత 180 పేజీల దగ్గరికే వస్తాం. ఈ ప్రయోగాలు చెప్పేది కొన్ని నిమిషాల మార్పు గురించి. నవలకి కావలసింది ఆ నిమిషాలు అయిపోయాక ఏమైందని. ప్రయోగాల నుంచి మీరు తీసుకోవాల్సింది మొదటి మెట్టు మాత్రమే, ఆ శరీరంలో ఆమె మొదటిసారి గట్టిగా మాట్లాడగలగడం. మిగతా మెట్లు మీరే కట్టాలి.

ఉత్తరకుమారుడి దారి

ఉత్తరకుమార ప్రజ్ఞలు అని మనం ఎగతాళిగా అంటాం గానీ, మన భారతంలో తన గురించి తనకున్న బొమ్మ పగిలి మళ్ళీ కట్టుకున్నవాడు ఉత్తరుడే. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు ఎన్నో ప్రగల్భాలు పలికాడు. కౌరవసేన కంటపడగానే రథం దిగి పారిపోయాడు. బృహన్నల వెంటపడి పట్టుకొచ్చింది. అప్పుడు అతన్ని ఏం చేసింది? వీరుణ్ణి చెయ్యలేదు. పగ్గాలు చేతికిచ్చింది. యుద్ధం అర్జునుడు చేశాడు, ఉత్తరుడు రథం తోలాడు. తను చెయ్యగలిగిన పని ఒకటి దొరికింది, ఆ సేన ముందే దాన్ని చేశాడు. వీఆర్ నవలలో మొదటి సగం అంతఃపురం అనుకోండి. అక్కడ మీ పాత్ర ఎంత గొప్పలు పలికినా ఫర్వాలేదు, పలకనివ్వండి, పాఠకుడికి సరదాగా కూడా ఉంటుంది. సేన కనిపించే సీను మాత్రం ముందే ఆలోచించి పెట్టుకోండి.

నా నవలలో ఆ మెట్లు ఇలా పడ్డాయి. పల్లవిగా పైడితల్లికి లోపల మంచి పేరొస్తుంది. రాత్రుళ్ళు నెగడు చుట్టూ కూర్చుని కథలు చెప్పుకునే ఒక గుంపులో ఆమె కథ కోసం అందరూ ఎదురుచూస్తారు. ఇక్కడ తొందరపడకండి, ఆ సంతోషాన్ని రెండు మూడు అధ్యాయాల పాటు నిజంగా అనుభవించనివ్వండి, ఎందుకంటే అది దొంగ సంతోషం కాదు, కథలు చెప్పింది ఆమే. తర్వాత చిన్న ముల్లు గుచ్చాలి. ఒకరోజు ఎవరో "పల్లవీ, నీ గొంతు ఎంత బాగుంటుందో" అంటారు. మెచ్చుకున్నది ఆమె కొనుక్కున్నదాన్ని. ఆ రాత్రి ఆమె త్వరగా లాగౌట్ అవుతుంది, ఎందుకో ఆమెకే తెలియదు. ఎందుకో మీరు కూడా రాయకండి.

ఆ తర్వాతది నాకు రాయడానికి వారం పట్టిన సీను. గుంపులోకి ఓ కొత్త కుర్రాడు వస్తాడు, ఫిల్టర్ లేకుండా. "నానిప్పుడే వచ్చినాను, ఏటి మాటాడుకుంటన్నారు?" అంటాడు. అందరూ నవ్వుతారు. పల్లవి కూడా నవ్వుతుంది. నా మొదటి ఆలోచనలో ఆమె అతని పక్షాన నిలబడి అందర్నీ మందలించేది. రాసి చూస్తే అబద్ధంగా ఉంది. భయపడేవాళ్ళు మొదట నవ్వేవాళ్ళతో కలుస్తారు, నేను కూడా చదువుకునే రోజుల్లో అలాగే కలిశాను, ఎవర్ని చూసి నవ్వామో ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ పాత్ర చెయ్యగూడని పని ఒకటి చెయ్యాలి, అదీ తనకి జరిగిందే ఇంకొకరికి. పాఠకుడు ఆ పేజీలో పుస్తకం మూసేస్తాడేమోనని భయం వేస్తుంది. మూయడు, నన్ను నమ్మండి.

ఇక నిజరూపం. 2014లో కరొలైన్ ఫాల్కనర్, మెల్ స్లేటర్ వాళ్ళు చేసిన ఒక ప్రయోగం గురించి చదివినప్పుడు నాకు గుండె పట్టేసినట్టయింది. తమని తాము ఎక్కువగా తిట్టుకునే అలవాటున్న ఆడవాళ్ళని తీసుకున్నారు. వీఆర్‌లో ఏడుస్తున్న ఓ పిల్లని ఓదార్చమన్నారు. ఓదార్చారు. తర్వాత అదే మనిషిని ఆ పిల్ల శరీరంలో కూర్చోబెట్టి, తను అన్న మాటలే తనకి వినిపించారు, తన గొంతుతో, ఎదురుగా. తమని తిట్టుకోవడం వాళ్ళలో తగ్గింది. మనం పక్కవాళ్ళకి చెప్పే మాటలు మనకి మనం ఎప్పుడూ చెప్పుకోం కదా. నవల రాసేవాడికి వీఆర్ ఇచ్చిన అతి పెద్ద కానుక ఇదే అనిపించింది నాకు, రాక్షసులూ రెక్కలూ ఏవీ దీని ముందు నిలవవు.

దాన్ని కథలో ఎలా పెట్టాను? మర్నాడు పైడితల్లి ఆ కుర్రాణ్ణి వెతుక్కుంటూ వెళ్తుంది. అతను లాగౌట్ అవ్వబోతున్నాడు, మళ్ళీ రానంటాడు. ఆమె ఫిల్టర్ ఆపేసి మాట్లాడుతుంది. ఒక్క జాగ్రత్త, ఫిల్టర్ తనే ఆపాలి. నెట్ పోయి ఆగిపోయినట్టు రాయాలని బుద్ధి పుడుతుంది, కథ చకచకా నడుస్తుంది కూడా, కానీ అప్పుడు అది ఆమెకి జరిగిన ప్రమాదం అవుతుంది, ఆమె చేసిన పని అవ్వదు. పాత్ర ఎదిగే చోట యాదృచ్ఛికం దేన్నీ రానివ్వకండి. చెడగొట్టడానికి ఎన్ని కావాలంటే అన్ని వాడుకోండి.

ఆ కుర్రాడు ఆ మాటలు రికార్డ్ చేసుకుంటాడు. కొన్ని రోజుల తర్వాత ఆమెకి పంపిస్తాడు, అతను నిలబడ్డ చోటు నుంచి, అతని ఎత్తు నుంచి. ఆమె తన ఎదురుగా తను నిలబడి మాట్లాడటం చూస్తుంది. ఇంకో చిన్న నిజం ఇక్కడ కలిసొచ్చింది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక ఎముకల ద్వారా కూడా మనకి చేరుతుంది, అందుకే రికార్డ్ చేసిన మన గొంతు పరాయిదిలా, పల్చగా వినిపిస్తుంది. పైడితల్లికి మొదటి రెండు వాక్యాల దాకా అది తన గొంతని తెలియదు. ఎవరో శ్రీకాకుళం అమ్మాయి ఓపిగ్గా మాట్లాడుతోంది అనుకుంటుంది. బాగా మాట్లాడుతోంది అనుకుంటుంది. అప్పుడు తెలుస్తుంది. అక్కడ నేను అధ్యాయం ఆపేశాను. ఆమె ఏడ్చిందని కూడా రాయలేదు.

లోకం కట్టేటప్పుడు

లోపలి లోకం ఎలా ఉండాలని అందరూ ముందు అడుగుతారు, నేను చివర్లో చెప్తున్నాను, ఎందుకంటే అది పాత్ర వాక్యంలోంచి రావాలి. మయసభ గుర్తు తెచ్చుకోండి. నేల అనుకుని నీళ్ళలో పడ్డాడు, నీళ్ళనుకుని గచ్చు మీద పంచె ఎత్తుకున్నాడు. బట్టలు తడిస్తే ఆరిపోతాయి. దుర్యోధనుణ్ణి కాల్చింది నవ్వు. ఆ సభ అతని భయాన్ని పట్టుకుని కట్టినట్టే ఉంటుంది, పాండవుల ఇంట్లో చిన్నబోవడం అన్న భయాన్ని. బయటికొచ్చాక ఏం చేశాడో, పాచికల దాకా ఎలా వెళ్ళిందో మనందరికీ తెలుసు. లోపల జరిగినదానికి బయట లెక్క ఉండాలి. మీ పాత్ర అద్దానికి భయపడితే లోకం నిండా నీళ్ళు, గాజు ఉండాలి. గొంతుకి భయపడితే ప్రతిధ్వని ఉండాలి. నేను కొండల మధ్య పెట్టాను నెగడుని, మాట తిరిగొచ్చే చోట.

విశాఖనే లోపల కట్టాలనుకుంటే ఇప్పటి విశాఖ వద్దు. బయట ఉన్నదే లోపల ఎందుకు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రాకముందున్న చెట్లతో కైలాసగిరిని కట్టండి, తుఫానప్పుడు పదేళ్ళున్న పిల్లవాడు ఇప్పుడు పెద్దయి అక్కడికి వెళ్తే ఏమవుతుందో చూడండి. ఈ ఆలోచన నాకు వాడటం కుదరలేదు, మీరెవరైనా వాడుకోండి.

గురువు పాత్ర పెట్టకండి. లోపల తెల్ల గడ్డంతో కూర్చుని "నిన్ను నువ్వు ప్రేమించు" అని చెప్పే ముసలాయన కానీ, ఏఐ కానీ వచ్చారంటే మీ పాత్ర పని వాళ్ళు చేసేస్తున్నారన్నమాట. అలాగే హెడ్‌సెట్‌ని దయ్యం చెయ్యకండి. లోపలంతా మాయ, బయటంతా సత్యం అని రాసేవాళ్ళకి బయట ఎంతమంది ఎన్ని ఫిల్టర్లు పెట్టుకుని బతుకుతున్నారో గుర్తు చెయ్యాలనిపిస్తుంది. పైడితల్లి ఆఫీసులో మాట్లాడే తెలుగు కూడా ఫిల్టరే.

మాట గురించి

హెడ్‌సెట్, అవతార్, లాగిన్, లాగ్, ఫిల్టర్ ఇవన్నీ అలాగే రాసెయ్యండి. శిరోధారణ యంత్రం అని రాస్తే పాత్ర మీ నుంచి దూరంగా వెళ్ళి నిలబడుతుంది. యాస రాసేటప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. ప్రతి మాటనీ విరిచి రాస్తే చదవడం కష్టం, పైగా వెక్కిరించినట్టు ఉంటుంది. క్రియలు, "ఏటి", "నాను", పిలుపులు చాలు, మిగతాది వాక్యం తూగులో వినిపించాలి. ఈ నేల మాటతో ఎంత బరువైన కథ చెప్పొచ్చో విశాఖ వకీలు రావిశాస్త్రి గారు, శ్రీకాకుళంలో కథానిలయం పెట్టిన కారా మాస్టారు ఎప్పుడో చూపించారు. వాళ్ళ పేజీ ఒకటి పైకి చదివి, తర్వాత మీ పేజీ పైకి చదవండి. మీది ఎక్కడ నాటకంలా ఉందో నోటికే తెలుస్తుంది. ఆ వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే వినిపించండి, నేను మా హాస్టల్ వంటావిడకి వినిపించేవాణ్ణి, ఆవిడ "అలగనం బాబూ" అన్న చోటల్లా కొట్టేశాను.

బయటి సీను

ఎదుగుదల బయట, హెడ్‌సెట్ లేని చోట, ఒక్క చిన్న పనిలో కనిపించాలి. ఆ పని మీరు మొదటి అధ్యాయంలోనే ఆమె చెయ్యలేకపోవడంగా చూపించి ఉండాలి. పైడితల్లికి అది అమ్మ ఫోను. మొదటి అధ్యాయంలో మెట్ల దగ్గరికి పరిగెత్తింది. చివరి అధ్యాయంలో సీట్లోనే ఉంది, పని మధ్యలో ఉంది, ఫోన్ మోగింది, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"ఏటే గుంటా, బువ్వ తిన్నావేటి?"

"తిన్నానమ్మా. నువ్వేటి వండినావు?"

ముందు నేను రాసినప్పుడు ఆఫీసంతా తల తిప్పి చూసింది, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. సిగ్గుపడి అదంతా తీసేశాను. నిజంగా అయితే ఎవరూ తల తిప్పరు. ఇన్నేళ్ళు ఆమె దాక్కున్నది ఎవరూ చూడని చోట అని తెలియడం చప్పట్ల కంటే గట్టిగా తగులుతుంది. పక్క సీటు ఆయన మాత్రం, ఫోన్ పెట్టేశాక, కంప్యూటర్ మీంచి కళ్ళు తీయకుండానే "మీదెక్కడండీ? మాది టెక్కలి" అంటాడు. ఇన్నాళ్ళూ ఆయనా "ఏంటి" అనే అన్నాడు.

రాతప్రతి పూర్తయ్యాక ఒక పని తప్పకుండా చెయ్యండి. హెడ్‌సెట్ ఉన్న అధ్యాయాలన్నీ తీసి పక్కన పెట్టి, బయటి అధ్యాయాలు మాత్రమే వరసగా చదవండి. ఆ కొన్ని పేజీలే ఒక కథగా నిలబడాలి, చిన్నదైనా సరే, ఒక మనిషి ఒక చోట నుంచి ఇంకో చోటికి వచ్చినట్టు తెలియాలి. ఎక్కడ తెగిందో అక్కడ ఆమె లోపల మారిందని మీరు ఊరికే అనుకున్నారన్నమాట. నాది ఆరో అధ్యాయం, తొమ్మిదో అధ్యాయం మధ్య తెగింది. ఆ కుర్రాణ్ణి చూసి నవ్విన రాత్రికి మర్నాడు పొద్దున ఆఫీసు బస్సులో ఆమె ఎలా కూర్చుందో నేను రాయలేదు. ఇప్పుడు ఆ రెండు పేజీలు రాస్తున్నాను.